ఐదేళ్ల ఓటీజీ, ఒక త్రాసు, 140 ఆన్‌లైన్ వంటలు

మా ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఓవెన్) వాడడం మొదలుపెట్టి ఐదేళ్లు దాటింది. దాని గురించి, ఆన్‌లైన్‌లో చూసి నేను చేసిన వంటల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కొన్న నెలకే రాసి ఉంటే చాలా కోపంగా రాసేదాన్ని. అప్పటికి చేసిన నాలుగు కేకుల్లో మూడు మధ్యలో పచ్చిగా మిగిలాయి, తప్పంతా రెసిపీలదే అనుకున్నాను. ఇప్పుడు నా నోటుపుస్తకంలో 140కి పైగా వంటలు ఉన్నాయి. ఏ రోజు చేశాను, ఎంత వేశాను, ఎలా వచ్చింది, ఇంట్లో ఎవరు ఏమన్నారు అన్నీ రాసుకున్నాను. వాటిలో ఇప్పటికీ మళ్లీ మళ్లీ చేసేవి 19. మిగతావాటిలో చాలావరకు చెడ్డవేమీ కావు, ఒకసారి తిని ఊరుకున్నాం, అంతే.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో చాలామందిలాగే నేనూ కుక్కర్ కేకుతో మొదలుపెట్టాను. గాస్కెట్టు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద టిన్ను పెట్టి, సన్నసెగ మీద 45 నిమిషాలు. కేకు బాగానే పొంగేది. కానీ నీళ్లు లేకుండా అంతంతసేపు కాగి కుక్కర్ అడుగు రంగు మారింది, కొన్ని నెలలకి కాస్త ఉబ్బింది కూడా. ఆ తర్వాత దాంట్లో పప్పు పెడితే అడుగంటేది. పైగా కుక్కర్‌లో చేసిన కేకు పైన ఎర్రబడదు. బిస్కెట్లు, బ్రెడ్డు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులోనే ఓటీజీ కొన్నాం.

కొనబోయేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ప్లగ్గు. మాది 1500 వాట్లది. మామూలు చిన్న ప్లగ్గుకి పెడితే సాకెట్టు వేడెక్కుతుంది. గీజరుకి, ఏసీకి ఉండేలాంటి పెద్ద ప్లగ్గు కావాలి. విజయవాడలో మేముండే పాత ఫ్లాట్ వంటింట్లో అది లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా వైరు లాగించాం. కరెంటు గురించి చాలామంది భయపడతారు. గంటసేపు ఆగకుండా కాలినా ఒకటిన్నర యూనిట్ దాటదు, వేడి చేరాక రాడ్లు ఆగి ఆగి వెలుగుతాయి కాబట్టి అంత కూడా కాలదు.

ఇక ఆ పచ్చి కేకుల సంగతి. డయల్ 180 దగ్గర పెట్టేదాన్ని. ఇరవై నిమిషాలకే పైన గోధుమరంగు తిరిగి, నెర్రెలు ఇచ్చేది. పుల్ల గుచ్చితే లోపల పిండి జారుగా అంటుకునేది. టైము పెంచితే పైన మాడేది, తగ్గిస్తే లోపల ఉడికేది కాదు. మూడు వేర్వేరు రెసిపీలతో ఇదే జరిగాక, ఓవెన్‌లో వేలాడదీసే చిన్న గడియారం లాంటి థర్మామీటరు తెప్పించాను. డయల్ 180 చూపిస్తుంటే లోపల 205 ఉంది. మా మరదలి ఇంట్లో ఉన్న వేరే కంపెనీ ఓటీజీలో పెట్టి చూస్తే అది 15 డిగ్రీలు తక్కువ చూపించింది. అంటే ఒకే రెసిపీ, ఒకే డయల్, రెండు ఇళ్లలో 40 డిగ్రీల తేడా! రెసిపీ రాసినావిడ ఏం చేస్తుంది పాపం. అప్పటినుంచి నా డయల్ మీద 155 దగ్గర మార్కర్‌తో చిన్న గీత గీసుకున్నాను. నాకు అదే 180. అమెరికావాళ్లు 350 అని రాస్తారు, అది ఫారన్‌హీట్‌లో. మన లెక్కలో 175, 180 మధ్య. నాకు అదీ ఆ గీతే.

టిన్ను సైజు దగ్గర కూడా చాలా పోగొట్టుకున్నాను. ఆన్‌లైన్‌లో ఎక్కువ రెసిపీలు 9 ఇంచుల టిన్నుకి రాస్తారు. నా దగ్గర ఉన్నది 7 ఇంచులది. రెండు ఇంచులే కదా అని మొత్తం పిండి పోస్తే పొంగి రాడ్ల మీద పడి, ఇల్లంతా పొగ. టిన్ను వెడల్పుని దాంతోనే గుణించి చూడాలి: ఏడేడుల నలభైతొమ్మిది, తొమ్మిది తొమ్ముల ఎనభైఒకటి. అంటే పెద్ద టిన్ను పిండిలో 60 శాతం మాత్రమే చిన్నదానిలో పట్టాలి. ఐదు గుడ్ల రెసిపీ అయితే మూడు గుడ్లు. ఈ ఒక్క లెక్క తెలిశాక ఓవెన్ కడుక్కునే పని సగానికి తగ్గింది.

త్రాసు విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. ఐదు కిలోల వరకు తూచే మామూలు డిజిటల్ త్రాసు, అప్పట్లో నాలుగు వందలు పెట్టి కొన్నాను. కప్పు అనే మాట ఎంత మోసం చేస్తుందో అది కొన్నాకే తెలిసింది. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. ఆస్ట్రేలియాలో టేబుల్‌స్పూను కూడా 20 మిల్లీలీటర్లు, మిగతాచోట్ల 15. అదీ పక్కన పెట్టండి. ఒకే కప్పుతో, ఒకే డబ్బాలోని మైదాని నేను రెండు రకాలుగా తూచాను. స్పూనుతో మెల్లగా వేసి పైన చాకుతో సమం చేస్తే 122 గ్రాములు. కప్పుని డబ్బాలో ముంచి తీసి సమం చేస్తే 151. రెండు కప్పుల కేకులో దాదాపు 60 గ్రాముల మైదా ఎక్కువ పడితే అది ఇటుకే అవుతుంది. మా అత్తయ్య ఇది చూసి, "మా అమ్మ కాలంలో గిద్దయినా, సోలయినా తలకొట్టి కొలిచేవాళ్లమ్మా. ఎత్తుగా పోయాలంటే ఆ మాట విడిగా చెప్పేవాళ్లు" అన్నారు. ఆన్‌లైన్‌లో ఆ మాట విడిగా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే గ్రాముల్లో లేని బేకింగ్ రెసిపీ ఇప్పుడు నేను అసలు మొదలుపెట్టను. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఈస్టు, బేకింగ్ సోడా లాంటి రెండు మూడు గ్రాముల సరుకు ఈ త్రాసు మీద సరిగ్గా తూగదు. వాటికి కొలత స్పూన్లే మంచివి.

వేరే దేశం రెసిపీలు మన వంటింట్లో ఎందుకు తిరగబడతాయో నాకు బాగా నేర్పింది మాత్రం బ్రెడ్డు. పిండి పిసకకుండా చేసే బ్రెడ్డు ఒకటి ఉంది. న్యూయార్క్ బేకరీ యజమాని జిమ్ లేహీ పద్ధతి, 2006లో అక్కడి పత్రికలో వచ్చి ప్రపంచమంతా పాకింది. మూడు కప్పుల పిండికి పావు టీస్పూను ఈస్టు వేసి, నీళ్లు ఎక్కువగా పోసి కలిపి 12 నుంచి 18 గంటలు వదిలేయడమే. తర్వాత బాగా కాగిన బరువైన గిన్నెలో వేసి, మూతపెట్టి కాల్చాలి. నేను మే నెలలో ఒక రాత్రి తొమ్మిదింటికి కలిపి పెట్టి, పొద్దున ఎనిమిదింటికి చూశాను. పిండి పొంగి, మళ్లీ కుంగి, పుల్లటి వాసనతో గిన్నెలో పల్చగా పరుచుకుని ఉంది. చేత్తో తీస్తే తీగలా సాగి తెగిపోయింది. ఆ రెసిపీలో గది వేడి అంటే 21 డిగ్రీలు. ఆ రాత్రి మా వంటింట్లో 34. దోసెల పిండి విషయంలో మనకి పుట్టుకతో తెలిసిన సంగతే ఇది. వేసవిలో రాత్రి రుబ్బింది తెల్లారేసరికి పులిసి పొంగిపోతుందని కాస్త ఆలస్యంగా రుబ్బుతాం, చలికాలంలో పిండి గిన్నెని పొయ్యి పక్కన పెడతాం. బ్రెడ్డు అనేసరికి ఆ తెలివి అంతా పక్కన పెట్టి గంటలు లెక్కపెట్టాను.

రెండోసారి ఐస్ నీళ్లతో కలిపి, ఐదున్నర గంటలకి చూశాను. పిండి రెట్టింపు కన్నా ఎక్కువై, పైన నిండా బుడగలు, గిన్నె కదిపితే జున్నులా వణికింది. అప్పుడు కాల్చాను. మూత పిడితో సహా మొత్తం స్టీలైన మందపాటి గిన్నె వాడాను, ప్లాస్టిక్ పిడి ఉంటే కరిగిపోతుంది. అరగంట మూతతో, ఇరవై నిమిషాలు మూత లేకుండా. బయటికి తీశాక చల్లారుతుంటే పైపెచ్చు చిటచిటమని చప్పుడు చేసింది. పిల్లలిద్దరూ చెవులు ఆనించి విన్నారు. ఇప్పుడు నెలకి రెండుసార్లు చేస్తున్నాను, డిసెంబరు, జనవరిలో మాత్రం పదకొండు గంటలు వదులుతాను. సగం మైదా తీసేసి గోధుమపిండి వేస్తే నీళ్లు ఇంకాస్త పోయాలి. మర పట్టించిన పిండి నీళ్లు బాగా పీలుస్తుంది.

వెన్న సంగతీ ఇంతే. 'రూమ్ టెంపరేచర్‌లో ఉన్న బటర్' అని ప్రతి బిస్కెట్టు రెసిపీలో ఉంటుంది. వాళ్ల రూమ్ 20 డిగ్రీలు. మనం ఏప్రిల్‌లో అరగంట బయట పెడితే బటరు నూనె అవుతుంది. అది పంచదారతో గిలక్కొడితే గాలి పట్టదు, బిస్కెట్లు ట్రేలో కరిగి అప్పడాల్లా పరుచుకుంటాయి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి జిడ్డు అంటకూడదు. నాకు ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే ఆ స్థితి వస్తుంది.

ఉస్మానియా బిస్కెట్లు ఏడుసార్లు చేశాక గానీ కుదరలేదు. హైదరాబాద్‌లో చదువుకున్న రోజుల్లో ఇరానీ చాయ్‌లో ముంచుకుని తిన్న ఆ రుచి, కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా, నోట్లో పెట్టగానే ఇసుకలా విడిపోయేది, అదే కావాలి నాకు. ఆన్‌లైన్‌లో ఉన్నవాటిలో సగం మామూలు బటర్ బిస్కెట్టుకి కుంకుమపువ్వు కలిపి ఆ పేరు పెట్టినవే. నాకు కుదిరిన లెక్క ఇది: మైదా 150 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ 25, పాలపొడి 20, పొడి చేసిన పంచదార 60, ఉప్పులేని బటర్ 100, అర టీస్పూను ఉప్పు, అర టీస్పూను బేకింగ్ పౌడర్, కుంకుమపువ్వు నానబెట్టిన పాలు రెండు స్పూన్లు. ఉప్పు బటరే ఉంటే విడిగా ఉప్పు వద్దు. కలిపిన ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అర ఇంచు మందంగా ఒత్తి, పైన పాలు రాసి 170 డిగ్రీల్లో పెట్టాలి. నాకు 15 నిమిషాలు పడుతుంది. కానీ నేను చూసేది అంచులు. అంచు చుట్టూ సన్నగా బంగారురంగు గీత కనబడగానే తీసేస్తాను, మధ్యలో అప్పటికి ఇంకా మెత్తగానే ఉంటుంది, చల్లారాక గట్టిపడుతుంది. గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచితే చాయ్‌లో కూడా నానవు.

పెరుగు కేకు మా ఇంట్లో పుట్టినరోజుల కేకు అయిపోయింది, గుడ్డు తినని అత్తయ్య కోసం. దాంట్లో ఒకటే జాగ్రత్త. పెరుగులో సోడా, బేకింగ్ పౌడర్ వేయగానే నురగ వస్తుంది, ఆ నురగే కేకుని లేపుతుంది. అప్పటికే ఓవెన్ వేడెక్కి, టిన్నుకి నూనె రాసి ఉండాలి. కలిపి పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే కేకు పొంగకుండా అణిగిపోతుంది.

క్రీము కేకుల జోలికి మాత్రం ఇక వెళ్లను. టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతమే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. 35 శాతం ఉన్నది ఇంటికి తెప్పిస్తే వేసవిలో దారిలోనే విరిగి వచ్చింది, రెండుసార్లు డబ్బు వాపసు కోసం వారం రోజులు తిరిగాను.

మన వంటలకీ ఇదే పద్ధతి పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. 2022 సంక్రాంతికి అత్తయ్యకి మోకాలి నొప్పి ఎక్కువగా ఉండి, అరిసెలు నేనే చేస్తానన్నాను. ఒక వీడియోలో 'బెల్లం కరిగాక సన్నమంట మీద పది నిమిషాలు' అని ఉంది. వాళ్ల మంట ఎంతో, గిన్నె ఎంత వెడల్పో, బెల్లంలో తేమ ఎంతో నాకు తెలియదు. పది నిమిషాలయ్యేసరికి అత్తయ్య కుర్చీలోంచే, "అమ్మాయ్, గడియారం చూడకు, పళ్లెంలో చూడు" అన్నారు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేయించారు. అది నీళ్లలో చెదిరింది. రెండు నిమిషాలకి మళ్లీ వేస్తే, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయింది, వదిలితే కాస్త వాలింది. "ఇప్పుడు దించు, పిండి పొయ్యి." అదే క్షణంలో నా దగ్గరున్న మిఠాయి థర్మామీటరు ముంచి చూశాను. 114. విదేశీ మిఠాయిల వాళ్లు మెత్తటి ఉండ పాకానికి చెప్పే లెక్క 112 నుంచి 116. అత్తయ్యకి చూపిస్తే చాలా సంతోషించి, "రాసిపెట్టుకో, నీ కూతురికి ఉంటుంది" అన్నారు. ఆ పేజీ మీద ఇప్పటికీ పాకం మరక ఉంది.

ఆ రోజు నుంచి నేను రెసిపీని ఎంచుకునే తీరే మారింది. చేయబోయే ముందు మొత్తం ఒకసారి చదువుతాను. పదార్థాలు గ్రాముల్లో ఉన్నాయా, పొయ్యి మీదకి వచ్చాక నిమిషాలతో పాటు గుర్తు కూడా చెప్పారా అని చూస్తాను. 'నూనె పైకి తేలే వరకు', 'పక్కలు టిన్నుని వదిలే వరకు', 'పచ్చివాసన పోయే వరకు' అని రాసినవాళ్లు నిజంగా ఆ వంట దగ్గర నిలబడి చేసినవాళ్లు. కింద కామెంట్లలో 'చాలా బాగుంది' అన్నవి చదవను, 'నేను చేశాను, నీళ్లు ఎక్కువయ్యాయి' అన్నవి వెతుకుతాను. మొదటిసారి చెప్పింది చెప్పినట్టే చేస్తాను. పంచదార తగ్గించడం, మైదా బదులు రాగిపిండి వేయడం అన్నీ రెండోసారి నుంచే. మొదటిసారే మార్చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

వస్తువులు ఎలా నిలిచాయంటే, త్రాసుకి ఏడాదికోసారి రెండు సెల్స్ మార్చడం తప్ప ఖర్చు లేదు. వేలాడే థర్మామీటరు అద్దం జిడ్డుపట్టి పసుపు తిరిగింది, అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి. ఓటీజీ టైమరు నాబు మూడో ఏడాదిలో వదులైపోయింది, గంట మోగినా రాడ్లు ఆగడం లేదు, అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకుని నేనే ఆపుతున్నాను. మొన్న మార్చిలో పైరాడ్డు పోయింది. సర్వీసు సెంటర్‌లో ఇరవై రోజులు ఆగమంటే, గవర్నరుపేటలో ఒక రిపేరు షాపులో 450 రూపాయలకి వేయించాను. కొత్త రాడ్డు వేశాక మళ్లీ థర్మామీటరు పెట్టి చూశాను. ఇప్పుడు నా 180కి డయల్ 160 దగ్గర పెట్టాలి. పాత గీత స్పిరిట్‌తో తుడిచేసి, కొత్తది గీశాను.