వాసన పట్టి వెళ్లే కణాలు: ఇ. కోలై పద్ధతి మేలా, న్యూట్రోఫిల్ పద్ధతి మేలా?

చుట్టూ ఉన్న నీటిలో ఒక రసాయనం ఒక పక్క కాస్త ఎక్కువగా, మరో పక్క కాస్త తక్కువగా ఉంది. ఎక్కువ ఉన్న వైపు చేరాలి. మన పేగుల్లో బతికే ఇ. కోలై బ్యాక్టీరియా ఈ పనిని ఒక రకంగా చేస్తుంది, మన నెత్తుటిలో తిరిగే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం ఇంకో రకంగా చేస్తుంది.

ఇ. కోలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. ఈదే వేగం సెకనుకు 20 నుంచి 30 మైక్రోమీటర్లు. దాని కశాభాలు (తోకల్లాంటి సన్నని పోగులు) అపసవ్య దిశలో తిరుగుతున్నంతసేపు జడలా కలిసి ఒంటిని తిన్నగా నెడతాయి. కొన్ని సవ్య దిశకు మారితే చాలు, జడ విడిపోతుంది, కణం ఉన్నచోటే పల్టీ కొట్టి ఎటో ఒకవైపు తిరిగి మళ్లీ పరుగెడుతుంది. పరుగు సుమారు ఒక సెకను, పల్టీ అందులో పదో వంతు. ఎటు వెళ్లాలో దానికి ఎప్పుడూ తెలియదు. ఇప్పుడు తగులుతున్న రసాయనం రెండు మూడు సెకన్ల కిందటికన్నా పెరిగిందా తగ్గిందా, అంతే తెలుసు. పెరిగితే పల్టీని వాయిదా వేస్తుంది. ఇంట్లో ఎక్కడో దాచిన ముగ్గిన పనసపండును వెతికేవాడు నాలుగడుగులు వేసి వాసన చూసుకోవడం లాంటిదే. రసాయనాన్ని పసిగట్టే ప్రొటీన్లైన గ్రాహకాలకు మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన గుర్తులు అంటించడం, ఊడదీయడం కాస్త నెమ్మదిగా జరుగుతాయి. ఆ ఆలస్యమే దాని జ్ఞాపకశక్తి.

దీన్ని 1972లో మాక్‌నాబ్, కోష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు చక్కగా పట్టుకున్నారు. ఇ. కోలైకి దగ్గరి చుట్టమైన సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో దానికి ఇష్టమైన సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక్కసారిగా అంతటా సమంగా కలిపేశారు. ఏ దిక్కునా ఎక్కువ తక్కువలు లేవు. అయినా ఆ బ్యాక్టీరియాలు మంచి దారి దొరికిందనుకుని పల్టీలు మాని కొంతసేపు తిన్నగా ఈదాయి.

న్యూట్రోఫిల్ దారి వేరు. అది పది మైక్రోమీటర్లు దాటిన కణం, పాకేది నిమిషానికి పది ఇరవై మైక్రోమీటర్లు. నాలుగడుగులు వేసి చూద్దామంటే నిమిషాలు గడిచిపోతాయి. అందుకే కదలకముందే ఒంటి రెండు అంచులనూ పోల్చుకుంటుంది. ఒకటి రెండు శాతం తేడా ఉన్నా చాలు. ఎక్కువ ఉన్న వైపు యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులు పెరిగి పొరను ముందుకు నెడతాయి, వెనక మయోసిన్ అనే మరో ప్రొటీన్ బిగిసి తోకను లాక్కుంటుంది. ఇలాగే పాకే డిక్టియోస్టీలియం అమీబాల్లో యాక్టిన్‌ను మందుతో విడగొట్టి, కదల్లేని గుండ్రటి ముద్దలుగా మార్చి చూశారు. అప్పుడు కూడా వాటిని ఆకర్షించే సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం వచ్చే వైపున పొర లోపలి సంకేత అణువులు పోగయ్యాయి. కాలు కదలకుండానే దిక్కు తెలిసిందన్నమాట.

బ్యాక్టీరియా మరీ చిన్నది కాబట్టే రెండు చివరలనూ పోల్చలేదని చాలాచోట్ల చదువుతాం. ఆ వాదన నాకు పూర్తిగా నచ్చదు. ఆరు మైక్రోమీటర్ల పొడవున్న ఒక బ్యాక్టీరియా తన ఒంటి పొడవునా ఆక్సిజన్ తేడాను పసిగట్టగలదని 2003లో చూపించారు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇ. కోలైకి దిక్కు తెలిసినా దాన్ని నిలుపుకోలేదు. నీటి అణువుల తాకిడికి పది సెకన్లలోపే దాని ముఖం పక్కకు తిరిగిపోతుంది. సెకనులో ఒంటికి పదింతల దూరం పోగలిగే జీవికి ఈది చూసుకోవడమే లాభం, పైగా చవక: గ్రాహకాలు, కశాభాలను తిప్పే మోటారు పక్కన పెడితే, సంకేతాన్ని మోసే ‘చీ’ (Che) అనే ఆరు రకాల ప్రొటీన్లతో పని జరిగిపోతుంది. నీటిలో అయితే నా ఓటు దానికే. కణజాలం ఇరుకుల్లో, పట్టుకుని పాకేచోట, న్యూట్రోఫిల్‌కే.

రెండూ కావాల్సిన సందర్భమూ ఉంది. ఆకలేసిన డిక్టియోస్టీలియం కణాలు కొన్ని నిమిషాలకోసారి వచ్చే సైక్లిక్ ఏఎంపీ అలల మీద ఒకచోట గుమిగూడతాయి. అల దాటిపోయాక ఎక్కువ గాఢత వెనక వైపు ఉంటుంది. అంచులను పోల్చడం ఒక్కటే తెలిస్తే ప్రతి అలకూ ముందుకు పాకి, మళ్లీ వెనక్కి రావాలి. అవి అలా చేయవు. గాఢత పెరుగుతున్నప్పుడే దిక్కును పట్టించుకుని, తగ్గుతున్నప్పుడు వదిలేస్తాయి.