బీదర్ నీలం కోసం ఒక రాత్రి

హైదరాబాద్ నుంచి బీదర్‌కి సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చని మొదటిసారి అలాగే వెళ్లాం. బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా (పాత విద్యాలయం) చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దాని ముందువైపు తూర్పుకు ఉంటుంది కాబట్టి అప్పటికే అంతా నీడ. ఫోటోల్లో దాని గోడ మీది మెరుగు పలకల నీలం బూడిద రంగులా వచ్చింది. అందుకే ఈసారి రాత్రి అక్కడే ఉన్నాం.

బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, తెల్లవారుజామున వేడినీళ్లు మాత్రం రాలేదు. సగం రోజుకు మాట్లాడుకున్న ఆటో అతను ఎక్కడా తొందరపెట్టలేదు. ఫోటోలు తీసేవాళ్లకు అదే పెద్ద సాయం.

1472లో కట్టిన ఈ మదరసా ముందుభాగంలో చాలావరకు 1696లో తుపాకీ మందు పేలి కూలిపోయింది. మిగిలిన మినార్ మీద రంపపు పళ్లలాంటి వరసల్లో పలకలు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. ఉదయపు ఏటవాలు ఎండ పడగానే నీలం, తెలుపు విడివిడిగా తేలాయి. పలక ఊడిన చోట గచ్చులో మిగిలిన గుంట కూడా కనిపించింది. నాకు నిండు పలకల కన్నా అవే ఎక్కువ నచ్చాయి, పనివాడి చెయ్యి అక్కడే తెలుస్తుంది.

ఎదురుగా నిలబడితే పలకల మెరుపు కెమెరాలోకి కొడుతుంది. కాస్త పక్కకు జరిగి, పోలరైజర్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతూ చూస్తే మెరుపు తగ్గి అసలు రంగు బయటపడుతుంది. పలకల మీది తెల్ల అక్షరాలు వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) కొంచెం తగ్గించాను. పైవరసలకు జూమ్ లెన్స్ తప్పనిసరి, ఫోన్‌తో లాభం లేదు.

బీదర్ కోటలో తఖ్త్ మహల్ కమాను పైన పులి, దాని వెనక సూర్యుడు ఉన్న పలకలను తప్పకుండా వెతకండి. రంగీన్ మహల్‌కి తాళం వేసి ఉంది, కావలి ఆయన్ని అడిగితే తీశారు. నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్పలు ఆ చీకట్లోనూ మెరిశాయి. ట్రైపాడ్‌కు ముందే అనుమతి ఉండాలి, మా దగ్గర లేదు. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తీయడానికి కెమెరాలో ఉండే సెట్టింగ్) పెంచి, మోచేతులు ఒంటికి ఆనించి తీశాను. అష్టూర్‌లోని బహమనీ సుల్తానుల సమాధుల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేకపోయాం.

తిరిగొచ్చిన మర్నాడు హైదరాబాద్ పాతబస్తీలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు (మొహర్రంలో పీర్లను నిలిపే చోటు) వెళ్లాను. అక్కడి పలకల పని 1611 నాటిది. ఊళ్లోనే ఉండి ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా చూడలేదు.