ఎఫ్ఎఫ్ఎంపెగ్: కనుమ ఫుటేజీతో నా తిప్పలు

అమలాపురంలో చిన్న ఎడిటింగ్ రూమ్ నాది. పెళ్లి వీడియోలే ఎక్కువ, మధ్యమధ్యలో టీవీ పనులు. ఈసారి జగ్గన్నతోట ప్రభల తీర్థం మీద అరగంట ప్రోగ్రామ్ ఒప్పుకున్నాను. అలంకరించిన ఎత్తైన ప్రభల మీద ఊరేగి వచ్చే రుద్రులేమో 11 మంది, ఫైళ్లేమో 130: రెండు కెమెరాలు, డ్రోను, అవి చాలవన్నట్టు మా బావ ఫోనులో తీసినవి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సిస్టమ్ మూలిగింది.

అప్పుడు పట్టుకున్నాను ఈ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన, వీడియో, ఆడియో ఫైళ్లని మార్చే సాఫ్ట్‌వేర్, పైసా కట్టక్కర్లేదు, బటన్లుండవు, నల్ల స్క్రీన్ మీద కమాండ్ కొట్టడమే. ఒకే కమాండ్‌ని ఫైళ్లన్నిటి మీదా వరసగా నడిపే నాలుగు లైన్ల లూప్ రాసి పడుకుంటే తెల్లారేసరికి అన్నిటికీ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికైన చిన్న కాపీలు, రెడీ. ఫోను వీడియోలకి ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కదా, పెదాలొక దారి మాటొక దారి, వాటిని సెకనుకి 25 ఫ్రేములకి కట్టేస్తే కుదురుకున్నాయి. పాత కెమెరా ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో తీస్తుంది, ప్రభ ఊగినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా కనిపించేవి, యూట్యూబ్ కాపీకి ఆ గీతల్ని కలిపేసే యాడిఫ్ ఫిల్టర్ వేశాక పోయాయి.

సౌండ్ దగ్గరే ఏడిపించింది. మైనస్ 23 లఫ్స్‌కి (చెవికి వినిపించే సౌండ్ స్థాయికి కొలత) తెమ్మని ఛానల్ వాళ్లు తిప్పి పంపారు. సౌండ్ స్థాయి సరిచేసే లౌడ్‌నార్మ్ ఫిల్టర్ ఒక్కసారి కొట్టి ఊరుకుంటే డప్పులు మోగినప్పుడు ఒకలా, ఆగినప్పుడు ఇంకోలా లెవెల్ తనే ఎక్కిస్తోంది, దింపుతోంది. ముందు కొలిపించి, ఆ అంకెలు ఇచ్చి రెండోసారి నడపాలండి, నాకు ఆలస్యంగా తెలిసింది.

అసలు దెబ్బ ఇది. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రోను ఫోల్డర్ తెరిచి, ఇన్‌పుట్ దగ్గర ఒక్కో పేరూ రాయడానికి బద్ధకించి, అన్ని ఫైళ్లూ అని చెప్పే స్టార్ గుర్తు పెట్టాను, అడక్కుండా పాత ఫైలు మీద రాసెయ్యమనే మైనస్ వై కూడా తగిలించాను. స్టార్ కాస్తా తొమ్మిది ఫైళ్ల పేర్లుగా మారిపోయి, మొదటి క్లిప్పు ఇన్‌పుట్ అయింది, మిగతా ఎనిమిదీ అవుట్‌పుట్ అయిపోయాయి! తెరిచి చూస్తే తొమ్మిదింట్లోనూ ఒకే ప్రభ. మెమరీ కార్డు ఇంకా ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి బతికాను.

ఇంకోటి, రీఎన్‌కోడ్ లేకుండా, అంటే వీడియోని మళ్లీ తయారు చెయ్యకుండా, కోస్తే కోత మొదలు చెప్పిన ఫ్రేము దగ్గర పడదు, దాని ముందున్న కీఫ్రేము (పూర్తి బొమ్మ దాచిన ఫ్రేము) దగ్గర పడుతుంది. కాబట్టి ఎడిటింగ్ దీనితో చెయ్యకండి, ముందూ వెనకా ఉండే చాకిరీకి వాడండి.

5కి 4 స్టార్లు. తప్పు నాదే, అయినా ఆ డ్రోను క్లిప్పుల కోపానికి ఒకటి కోసేశాను.