నెట్‌వర్క్ బూట్: ఆప్షన్ 66, 67 మేలా, ఐపీ హెల్పర్ మేలా?

నెట్‌వర్క్ బూట్ అంటే మెషీను తన డిస్కు నుంచి కాక, నెట్‌వర్క్‌లోని సర్వరు నుంచి ఫైలు దింపుకుని లేవడం. మైక్రోసాఫ్ట్ వారి వర్చువల్ మెషీన్ల వేదిక హైపర్-వీలో పక్కపక్కనే రెండు వర్చువల్ మెషీన్లు. ఒకటి లెగసీ అడాప్టర్ (పాత తరహా నెట్‌వర్క్ కార్డు) తగిలించిన జనరేషన్ 1, అంటే పాత బయోస్‌తో లేచేది; రెండోది జనరేషన్ 2, అంటే బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐతో లేచేది. ఇద్దరికీ డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలు పంచే సర్వరు) ఒకటే, బూట్ సర్వరూ ఒకటే. మొదటిది చక్కగా విండోస్ ఇన్‌స్టాలేషన్ తెర దాకా వచ్చింది. రెండోది మాత్రం బూట్ ఫైలు దిగిందని ఒక వరుస చూపించి, మరుక్షణమే బూట్ కాలేదంటూ ఆగిపోయింది. చాలామంది వెంటనే ఫైర్‌వాల్‌ను అనుమానిస్తారు. కానీ ఫైలు దిగిందంటే దారి బాగానే ఉన్నట్టు. దిగినది దానికి పనికిరాని ఫైలు.

బూట్ సర్వరు వేరే సబ్‌నెట్‌లో (రూటరుకు అవతలి నెట్‌వర్క్ భాగంలో) ఉన్నప్పుడు మెషీను వేసే బ్రాడ్‌కాస్ట్ కేక రూటరు దాటదు. అందుకే ఈ రెండు ఉపాయాలు: డీహెచ్‌సీపీ జవాబులోనే బూట్ సర్వరు వివరాలు (ఆప్షన్ 66, 67) పెట్టడం, లేదా ఆ కేకను రూటరే ముందుకు పంపేలా ఐపీ హెల్పర్ పెట్టడం.

డీహెచ్‌సీపీ స్కోప్‌లో (ఒక సబ్‌నెట్‌కు పంచే చిరునామాల జాబితాలో) ఆప్షన్ 66కి సర్వరు చిరునామా, 67కి ఫైలు పేరు ఇవ్వడం రెండు నిమిషాల పని. రూటరు జోలికి వెళ్లనక్కరలేదు. చిక్కల్లా, ఎవరు అడిగినా అది ఒకటే జవాబు చెబుతుంది. మైక్రోసాఫ్ట్ బూట్ సర్వరైన డబ్ల్యూడీఎస్‌లో (విండోస్ డిప్లాయ్‌మెంట్ సర్వీసెస్) బయోస్ మెషీనుకు '.కామ్'తో ముగిసే ఫైలు కావాలి, యూఈఎఫ్ఐతో నడిచే జనరేషన్ 2కు '.ఈఎఫ్ఐ' ఫైలు కావాలి. 67లో పేరు మారిస్తే రెండోది లేస్తుంది, మొదటిది పడుతుంది.

ఐపీ హెల్పర్ అలా కాదు. రూటరులో, మెషీన్లున్న వీలాన్ (విడదీసిన వర్చువల్ నెట్‌వర్క్) మీద డీహెచ్‌సీపీ సర్వరుతో పాటు బూట్ సర్వరు చిరునామా కూడా చేరిస్తే, అభ్యర్థన రెండు సర్వర్లకూ అందుతుంది. అందులోని ఆప్షన్ 93 అడిగేది ఎవరో చెబుతుంది: 0 అంటే బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ. దాన్ని చూసి బూట్ సర్వరే తగిన ఫైలు ఇస్తుంది. నా ఓటు నిస్సందేహంగా దీనికే. డబ్ల్యూడీఎస్‌కు మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసేదీ ఇదే. అయితే పాత 66, 67 తప్పక తీసేయండి. అవి మిగిలిపోతే హెల్పర్ పెట్టినా పాత జవాబే వెళ్లి, రోజంతా వెతికిస్తాయి. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ పోర్టులు 67, 69తో పాటు 4011 కూడా తెరవాలి. చాలామంది మరిచేది ఈ 4011నే.

రూటరు మన చేతిలో లేదా? మెషీన్లన్నీ ఒకే రకమైతే 66, 67తో గడిచిపోతుంది. రెండు రకాలూ ఉంటే విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్న డీహెచ్‌సీపీ పాలసీలు ఆదుకుంటాయి. మెషీను తన రకం చెప్పుకునే వెండార్ క్లాస్ 'పీఎక్స్ఈక్లయింట్:ఆర్చ్:00007'తో మొదలైతే ఈఎఫ్ఐ ఫైలు ఇమ్మని రాసుకోవచ్చు. పని జరుగుతుంది కానీ, ప్రతి స్కోప్‌నూ మనమే కనిపెట్టుకుని ఉండాలి.

అన్నీ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఈ రెండూ వద్దు. డీహెచ్‌సీపీ, డబ్ల్యూడీఎస్ ఒకే సర్వరు మీద ఉంటే మాత్రం బూట్ సర్వరూ ఇక్కడే ఉందని చెప్పే ఆప్షన్ 60 పెట్టి, డబ్ల్యూడీఎస్‌ను పోర్ట్ 67 డీహెచ్‌సీపీకి వదిలేయమనాలి.