టామోక్సిఫెనా, లెట్రోజోలా? రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రాసే హార్మోన్ మాత్రలపై సమీక్ష

మాత్రల సంగతి తర్వాత, ముందు ఆపరేషన్ ఫైల్లోంచి ఐహెచ్‌సీ (గడ్డ ముక్కకు రంగులు వేసి చేసే పరీక్ష) రిపోర్టు తీయండి. అందులో ఈఆర్, పీఆర్ అని రెండు వరుసలుంటాయి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లను పట్టుకునే గుర్తులు ఎన్ని క్యాన్సర్ కణాల మీద ఉన్నాయో అవి చెబుతాయి. రెండింటి ఎదురుగా 1 శాతం కంటే తక్కువ ఉంటే ఈ మాత్రలతో పనిలేదు, వాడినా డబ్బు దండగ. 1 నుంచి 10 శాతం మధ్య వస్తే 'లో పాజిటివ్' అంటారు. అక్కడ లాభం ఉంటుందా లేదా అన్నది డాక్టర్లకే గట్టిగా తేలని విషయం. కొన్ని ల్యాబులు శాతం వేయకుండా 8కి ఇంత అని ఆల్‌రెడ్ స్కోరు ఇస్తాయి. 3 నుంచి పాజిటివ్ కింద లెక్క. 7, 8 వచ్చినవాళ్లకు మాత్ర పనిచేసే అవకాశం బాగా ఎక్కువ.

టామోక్సిఫెన్ పాత మందు. 1960లలో బ్రిటన్‌లో గర్భం రాకుండా ఆపే మాత్రగా తయారుచేశారు, ఆ పనికి అది పనికిరాలేదు. రోజుకు 20 మిల్లీగ్రాములు, కనీసం 5 ఏళ్లు. స్ట్రిప్పు వెనక 'టామోక్సిఫెన్ సిట్రేట్' అని రాసి, పక్కన 'టామోక్సిఫెన్ 20 మి.గ్రా.కు సమానం' అని ఉంటుంది. చూడాల్సింది ఆ రెండో అంకె. 10 మి.గ్రా. మాత్రలు కూడా అమ్ముతారు కాబట్టి షాపులో మారిపోయే ప్రమాదం ఉంది. నెలసరి వస్తున్నవాళ్లకు, ఆగిపోయినవాళ్లకు, మగవాళ్లకు కూడా పనిచేయడం దీని పెద్ద బలం. 5 ఏళ్లు వాడితే జబ్బు తిరగబెట్టడం దాదాపు 40 శాతం, దానివల్ల చనిపోవడం మూడో వంతు తగ్గుతాయని పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి వేసిన లెక్కల్లో తేలింది.

లెట్రోజోల్ 2.5 మి.గ్రా., అనస్ట్రజోల్ 1 మి.గ్రా., ఎక్సిమెస్టేన్ 25 మి.గ్రా. ఒకే జట్టు. మూడూ రోజుకొకటే. బలంలో వీటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, ఒకటి పడకపోతే ఇంకోటి పడొచ్చు. నెలసరి పూర్తిగా ఆగినవాళ్లలో జబ్బు తిరగబెట్టకుండా చూడడంలో ఇవి టామోక్సిఫెన్ కంటే ఒక మెట్టు పైన. లెట్రోజోల్ పేరు ఫోన్‌లో వెతికితే 'పిల్లలు పుట్టడానికి ఇచ్చే మాత్ర' అని వస్తుంది, కంగారు పడకండి. సంతానం కోసం 5 రోజులు ఇచ్చేదీ ఇదే మాత్ర.

అయితే ఆ విషయంలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. అండాశయాలు పనిచేస్తున్న స్త్రీకి లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే అవి ఇంకా రెచ్చిపోయి, ఈ జబ్బుకు మేతలాంటి ఈస్ట్రోజన్‌ను పెంచుతాయి. మన రెండు రాష్ట్రాల్లో ఈ పొరపాటు జరగడానికి ఆస్కారం మరీ ఎక్కువ. ముప్ఫైల్లోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఇక్కడ ఎక్కువ. 'నెలసరి లేదు' అనగానే 'మెనోపాజ్' అని రాసేస్తే తప్పు. గర్భసంచి పోయినా అండాశయాలు ఉంచి ఉంటే అవి మామూలుగానే పనిచేస్తుంటాయి. పాత డిశ్చార్జి కాగితంలో అండాశయాలు తీశారో లేదో చూడాలి. అది దొరక్కపోతే అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చేయించాలి. కీమో వల్ల నెలసరి ఆగిన నలభైల్లోని వాళ్లదీ ఇదే కథ, కొందరికి నెలల తర్వాత తిరిగి వస్తుంది. వీళ్లకు లెట్రోజోల్ జట్టు మందే కావాలంటే నెలనెలా గోసెరెలిన్ 3.6 మి.గ్రా. లాంటి సూదితో అండాశయాలను నిద్రపుచ్చాలి, లేదా ఆపరేషన్‌తో తీసేయాలి. సూది తేదీ దాటితే రక్షణ తప్పిపోతుంది.

ఇంతకీ వేసుకోవాలా వద్దా? 'మూడో వంతు తగ్గుతుంది' అన్న మాట ఒక్కటే పట్టుకుని తేల్చుకోవద్దు. ఉదాహరణకు మీలాంటి 100 మందిలో మాత్ర లేకుండా 6 మందికి ఈ జబ్బుతో చనిపోయే ముప్పు ఉంటే, మాత్రతో 4 అవుతుంది, లాభం ఇద్దరికి. అదే 30 మందికి ఉంటే 20 అవుతుంది, లాభం 10 మందికి. చిన్న గడ్డ, చంకలో గ్రంథులకు పాకలేదు, వయసు 75 దాటింది, ఎముకలు బలహీనం అంటే వద్దనుకోవడం కూడా సబబైన నిర్ణయమే. గ్రంథులకు పాకినవాళ్లు మాత్రం వదులుకోకూడదు. మీ అంకె ఎంతో డాక్టర్‌ను అడగండి. కేంబ్రిడ్జ్‌లో తయారైన 'ప్రెడిక్ట్' అనే ఉచిత ఆన్‌లైన్ లెక్కింపు ఉంది, వయసు, గడ్డ సైజు, గ్రేడు, గ్రంథుల సంఖ్య ఇస్తే చెబుతుంది. అది బ్రిటన్ స్త్రీల వివరాలతో కట్టినది కాబట్టి వచ్చిన అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

ఇక ఇబ్బందులు. టామోక్సిఫెన్‌తో వేడి ఆవిర్లు, తెల్లబట్ట మామూలే. అరుదుగా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు విమాన ప్రయాణం గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. గర్భసంచి క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, అదీ ఎక్కువగా నెలసరి ఆగినవాళ్లలో. గర్భసంచి లేనివాళ్లకు ఆ బెంగే లేదు. రక్తస్రావం కనిపిస్తే వెంటనే చూపించాలి. ఏ లక్షణమూ లేకుండా ఏటా స్కాన్ తీయించడం మాత్రం మంచికంటే చెడు ఎక్కువ చేస్తుంది. ఈ మందుతో లోపలి పొర మందంగా కనిపించడం మామూలు, అది చూసి అనవసరంగా గర్భసంచి తీసేయడం దాకా పోతుంది.

లెట్రోజోల్ జట్టుతో అసలు బాధ కీళ్లది. పొద్దున లేవగానే వేళ్లు ముడవడం కష్టమవుతుంది, కాసేపు కదిలిస్తే సడలుతాయి. రోజూ నడక, వ్యాయామం నిజంగానే తగ్గిస్తాయి. తగ్గకపోతే డాక్టర్‌ను అడిగి కొన్ని వారాలు ఆపి, జట్టులో ఇంకో మాత్రకు, అదీ పడకపోతే టామోక్సిఫెన్‌కు మారొచ్చు. మొదలుపెట్టే ముందే డెక్సా స్కాన్ చేయించి ఎముకల సాంద్రత చూడాలి, విటమిన్ డి కొలవాలి. కాల్షియం కార్బొనేట్ మాత్ర భోజనంతో పాటు వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఎముకలు కాపాడే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మి.గ్రా. 6 నెలలకోసారి ఎక్కిస్తామంటే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోండి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పన్ను పీకించుకోవాల్సి ఉంటే ఆ మందుకు ముందే కానివ్వాలి.

టామోక్సిఫెన్ వేసుకునేవాళ్లు పారాక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు కలపకూడదు. కాలేయంలో టామోక్సిఫెన్ అసలు పనిచేసే రూపంలోకి మారకుండా అవి అడ్డుపడతాయి. వేడి ఆవిర్లు తగ్గడానికి వాటి బదులు వెన్లాఫాక్సిన్ అనే మందు నయం. కూరలో పసుపుకు భయం లేదు, పసుపు-మిరియాల క్యాప్సూళ్లు మాత్రం మానేయండి. గర్భం రాకుండా కాపర్-టీ లాంటివి వాడాలి, హార్మోన్ మాత్రలు పనికిరావు.

ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. టామోక్సిఫెన్ రోజుల తరబడి ఒంట్లో నిలిచే మందు, ఒక పూట తప్పితే కొంప మునగదు. కీమో ఉంటే అది అయిపోయాకే మొదలుపెట్టాలి. బ్రాండు ఏదైనా ఫర్వాలేదు, జనరిక్ చాలు, జనౌషధి షాపులో అడిగి చూడండి. అయిదేళ్లకు ఇప్పుడే మాట ఇచ్చేయక్కర్లేదు. 3 నెలలు వాడి, పడ్డ ఇబ్బందులు కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెప్పకుండా ఆపేస్తే మాత్రం మార్చి చూసే అవకాశం డాక్టర్‌కు ఉండదు.