బెంచ్ ప్రెస్ పెరగాలంటే ఏది మేలు: వారానికి ఒక్క చెస్ట్ డేనా, మూడు సార్లు బెంచా?

మన జిమ్‌లలో సోమవారం సాయంత్రం బెంచ్ (వెల్లకిలా పడుకుని బరువులు తగిలించిన రాడ్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టే బల్ల) ఖాళీగా దొరకదు, ఎందుకంటే ఆ రోజు అందరిదీ చెస్టే. చేరిన రోజే ట్రైనర్ ఒక చార్ట్ చెప్పేస్తాడు. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్, ఇలా శనివారం దాకా రోజుకో భాగం. పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ అదే చార్ట్, ఏళ్ల తరబడి కొడుతున్న పెద్దవాళ్లకీ అదే చార్ట్. కొత్తలో ఏం చేసినా బరువు పెరుగుతుంది కాబట్టి మొదటి రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత యాభై కిలోల దగ్గరో అరవై దగ్గరో రాడ్ ఆగిపోతుంది, అక్కడే ఏడాది గడిచిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వయసు 16 నుంచి 22 మధ్య ఉండి, జిమ్‌కి కొత్తయి, బెంచ్ మీద బలం పెంచుకోవాలని నిజంగా ఉంటే వారానికి ఒక్కసారి బెంచ్ చేయడం చాలదు. కనీసం రెండు సార్లు చేయాలి, వీలైతే మూడు.

చెస్ట్ డేలో అసలు జరిగేదేంటో చూద్దాం. ఫ్లాట్ బెంచ్ నాలుగు సెట్లు (ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడతే సెట్), తర్వాత ఇంక్లైన్, డిక్లైన్, డంబెల్ ఫ్లై, చివర్లో కేబుల్ క్రాసోవర్. మొత్తం పదహారో ఇరవయ్యో సెట్లు అవుతాయి, ఛాతీ బిగుసుకుపోయి అద్దంలో చూసుకుంటే బాగుంటుంది, మర్నాడు చెయ్యి పైకెత్తితే నొప్పి. ఇంత కష్టపడ్డా బెంచ్ ప్రెస్ అనే పని ఆ వారం మొత్తంలో నాలుగే సెట్లు జరిగింది, అందులోనూ ఒంట్లో ఓపిక ఉండగా చేసినవి మొదటి రెండే. మిగతా సెట్లు ఛాతీ సైజుకి పనికొస్తాయి, కాదనను, కానీ 50 కిలోల రాడ్‌ని 70 చేయడానికి అవి ఇచ్చే సాయం చాలా తక్కువ. పైగా వ్యాయామం అయ్యాక కండ పెరిగే పని ఒకటి రెండు రోజులు జోరుగా సాగి తర్వాత మామూలుకి వచ్చేస్తుంది. కొత్తవాడు ఎత్తే బరువులు తక్కువ, కోలుకోవడం తొందరగా అవుతుంది, అంటే గురువారానికే మళ్లీ సిద్ధంగా ఉన్న ఒంటిని ఊరికే సోమవారం దాకా కూర్చోబెడుతున్నాం. మధ్యలో ఒక్క సోమవారం ఇంటర్నల్స్ వల్లో, పండక్కి ఊరెళ్లడం వల్లో పోయిందనుకో, రెండు బెంచ్‌ల మధ్య పద్నాలుగు రోజుల గ్యాప్.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది. బెంచ్ ప్రెస్‌లో కండ బలం ఎంత ఉందో నేర్పు అంత ఉంది. భుజాల వెనక రెక్కలు దగ్గరికి లాగి బెంచీకి అదిమిపెట్టాలి, పాదాలు నేలమీద గట్టిగా నిలవాలి, మణికట్టు సరిగ్గా మోచేతి పైన ఉండాలి, మోచేతులు బార్లా తెరుచుకోకుండా ఒంటికి కాస్త దగ్గరగా ఉండాలి, రాడ్ ఛాతీ కింది భాగాన్ని తాకి పైకి వెళ్తూ కొద్దిగా భుజాల వైపు వెనక్కి రావాలి. ఇన్నీ ఒక్కసారి గుర్తుపెట్టుకుని చేయలేం, అలవాటు కావాలి. ఈత నేర్చుకునేవాడు వారంలో ఒకే రోజు మూడు గంటలు నీళ్లలో ఉండటం కంటే మూడు రోజులు గంట చొప్పున దిగితే తొందరగా నేర్చుకుంటాడు. ఇక్కడా అంతే.

మరి మూడు సార్లు ఎలా చేయాలి? చెస్ట్ డేనే మూడు రోజులు చేయమని కాదు, అలా చేస్తే భుజం దెబ్బతినొచ్చు. నేను చెప్పే పద్ధతి ఇది. సోమవారం బరువైన రోజు, వార్మప్ అయ్యాక ఒకే బరువుతో 5 రెప్స్ (ఒకసారి దించి ఎత్తితే ఒక రెప్) చొప్పున 3 సెట్లు, సెట్టుకి సెట్టుకి మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విరామం. ఫోన్ చూస్తూ కూర్చున్నాడని ఎవరైనా అనుకున్నా పర్వాలేదు, బలానికి చేసేటప్పుడు విరామం తగ్గించకూడదు. బుధవారం తేలిక రోజు, సోమవారం బరువులో 80 శాతం పెట్టి, ప్రతి రెప్‌లో రాడ్‌ని ఛాతీ మీద ఒక సెకను ఆపి నొక్కాలి. శుక్రవారం మళ్లీ బరువైన రోజు, సోమవారం కంటే కాస్త ఎక్కువ. ప్రతిసారీ బెంచ్‌కి సమానంగా రోయింగ్ (బరువుని ఒంటి వైపు లాగే వ్యాయామం) సెట్లు కూడా వేయాలి, ముందు వైపు నెట్టడమే చేస్తూ వెనక వైపు లాగకపోతే భుజాలు ముందుకి వంగిపోవచ్చు. కాళ్లకి స్క్వాట్ కూడా ఈ మూడు రోజుల్లోనే, ఇక విడిగా లెగ్ డే అక్కర్లేదు. దీంట్లో ఇంకో సుఖం కూడా ఉంది, బుధవారం, శుక్రవారం జిమ్‌లో మిగతావాళ్లు వేరే భాగాలు చేస్తుంటారు కాబట్టి బెంచ్ ఖాళీగా ఉంటుంది.

ఇక్కడ ప్లేట్ల గొడవ ఒకటుంది. చాలా జిమ్‌లలో దొరికే అతి చిన్న ప్లేట్ 2.5 కిలోలు. రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. వంద కిలోలు ఎత్తేవాడికి అది 5 శాతం, నలభై ఎత్తేవాడికి పన్నెండున్నర శాతం, అంత దూకుడు ఎవరూ తట్టుకోలేరు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 1.25 కిలోల ప్లేట్లు ఒక జత కొనుక్కుని బ్యాగులో పడేసుకోవడం, అప్పుడు ప్రతి బరువైన రోజూ 2.5 కిలోలు మాత్రమే పెంచొచ్చు. రెండోది, బరువు అలాగే ఉంచి రెప్స్ పెంచడం, మూడు సెట్లలో 5 దగ్గర మొదలుపెట్టి మూడింట్లోనూ 8 వచ్చేదాకా అదే బరువు, 8 వచ్చాక 5 కిలోలు పెంచి మళ్లీ 5 నుంచి. రెండూ పనిచేస్తాయి, నాకైతే మొదటిదే ఇష్టం, ఎందుకంటే ప్రతిసారీ నోట్‌బుక్‌లో కొత్త అంకె రాసుకుంటుంటే మానబుద్ధి కాదు. అన్నట్టు నోట్‌బుక్ తప్పనిసరి, లేదా ఫోన్లో రాసుకో. పోయినసారి ఎంత చేశావో తెలియకుండా ఈసారి ఎంత చేయాలో తెలియదు. రాడ్ బరువు కూడా ఒకసారి కాటా మీద పెట్టి చూసుకో, ఏడు అడుగుల ఒలింపిక్ రాడ్ అయితే 20 కిలోలు, సన్న రాడ్లు అంతకంటే తక్కువే ఉంటాయి, జిమ్ మారినప్పుడు ఉన్నట్టుండి బలం తగ్గినట్టో పెరిగినట్టో కనిపించేది చాలాసార్లు అందుకే.

ఈ పెరుగుదల ఎప్పటికీ ఇలాగే సాగదు. ఒకే బరువు దగ్గర వరసగా రెండు మూడు సార్లు 5 రెప్స్ పూర్తి కాకపోతే దాదాపు 10 శాతం తగ్గించి మళ్లీ ఎక్కాలి, 60 దగ్గర ఆగితే 55కి దిగి అక్కణ్నుంచి. చాలాసార్లు రెండోసారి ఎక్కేటప్పుడు ఆగిన చోటు దాటిపోతుంది. అలా రెండు మూడు సార్లు దిగి ఎక్కినా కదలకపోతే అప్పుడు ప్రతి సెషన్‌కీ కాకుండా వారానికి ఒక్కసారే పెంచాలి.

ఇక వారం వారం మ్యాక్స్ (ఒక్కసారి ఎత్తగలిగే అతి ఎక్కువ బరువు) కొట్టే అలవాటు. కుర్రాళ్లకి ఇది ఒక పిచ్చి, అర్థం చేసుకోగలను, పక్కవాడు 80 పెడితే మనకీ పెట్టాలనిపిస్తుంది. కానీ ఒక్క రెప్ కోసం చేసే ప్రయత్నంలో పిరుదులు బెంచీ మీంచి లేస్తాయి, మోచేతులు విచ్చుకుంటాయి, సపోర్ట్ ఇచ్చేవాడు "నువ్వే, నువ్వే" అంటూ రాడ్‌ని సగం తనే లాగుతాడు. సపోర్ట్ వేలు తగిలిందంటే ఆ రెప్ నీది కాదు, నోట్‌బుక్‌లో రాయకు. మ్యాక్స్ తెలుసుకోవాలంటే మామూలు లెక్క ఉంది. ఎత్తిన బరువుని రెప్స్‌తో హెచ్చించి 30తో భాగించి, వచ్చినదాన్ని ఆ బరువుకి కలపాలి. 60 కిలోలు 8 సార్లు ఎత్తావంటే మ్యాక్స్ దాదాపు 76. ఇది అంచనానే, కానీ పెరుగుతున్నావో లేదో చెప్పడానికి చాలు. నిజమైన మ్యాక్స్ ఏ మూడు నాలుగు నెలలకో ఒకసారి చూసుకో.

ఛాతీ మీద ఆపి చేయడమా, తాకించి వెంటనే నొక్కడమా అని కూడా అడుగుతుంటారు. తాకించి చేస్తే బరువు ఎక్కువ ఎత్తొచ్చు, కాకపోతే మెల్లగా అది ఛాతీ మీద ఎగరేయడంగా మారిపోతుంది. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో రాడ్ ఛాతీ మీద కదలకుండా ఆగాక రిఫరీ "ప్రెస్" అన్న తర్వాతే నొక్కాలి, తల, భుజాలు, పిరుదులు బెంచీకి ఆనే ఉండాలి, రెండు చూపుడు వేళ్ల మధ్య 81 సెంటీమీటర్లకి మించకూడదు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకి సబ్‌జూనియర్, 19 నుంచి 23 వాళ్లకి జూనియర్ విభాగాలున్నాయి, కాబట్టి ఈ వయసులో పోటీకి వెళ్లాలనుకుంటే సరైన సమయమే. పోటీ ఆలోచన లేకపోయినా బుధవారం ఆపి చేయమన్నది అందుకే, ఆపినప్పుడు తప్పులన్నీ బయటపడతాయి.

డంబెల్స్ మంచివే, బెంచ్ తర్వాత వేసుకో. స్మిత్ మెషిన్ (రాడ్ పట్టాల మీద పైకీ కిందకీ కదిలే యంత్రం) మీద పెరిగిన అంకె రాడ్ మీదకి పూర్తిగా రాదు. పుషప్స్ జిమ్‌కి వెళ్లలేని రోజుల్లో బాగా పనికొస్తాయి, పరీక్షల టైంలో హాస్టల్ గదిలో అవి చేసినా ఉన్న బలం చాలావరకు నిలుస్తుంది.

తిండి విషయంలో మాత్రం కొంచెం ఆగుతాను, ఎందుకంటే బెంచ్ ఆగిపోయిందని చెప్పే సన్నటి కుర్రాళ్లలో చాలామందిది ప్రోగ్రామ్ సమస్య కంటే కంచం సమస్య. ఒంటి బరువు కదలకుండా బెంచ్ చాలాకాలం పెరగదు. కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన 60 కిలోల వాడికి రోజుకి 96 గ్రాములు కావాలి. వే ప్రొటీనా (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి), మామూలు తిండా అంటే ముందు మామూలు తిండే. నాలుగు గుడ్లలో సుమారు 24 గ్రాములు, 50 గ్రాముల మీల్ మేకర్‌లో 26, అర లీటరు పాలలో 16, అప్పటికే 66 అయ్యింది, మిగతాది అన్నం, పప్పు, పెరుగు, దొరికిన రోజు చికెన్ నుంచి వస్తుంది. హాస్టల్ మెస్‌లో నీళ్ల పప్పు తిని ఇది కుదరదు, గుడ్లు విడిగా తెచ్చుకుని ఉడకబెట్టుకోవాల్సిందే. ఇవన్నీ కుదరనివాడికి వే సౌకర్యం. ప్రీవర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే పొడి) డబ్బాకి పెట్టే డబ్బు నిద్రకి పెట్టలేం కానీ, నిద్ర దానికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఎనిమిది గంటలు తగ్గనివ్వకు. క్రియాటిన్ అనే సప్లిమెంట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు, దాని మీద చాలా పరిశోధన జరిగింది, 18 దాటాక మొదలుపెట్టుకోవచ్చు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి చెప్పకుండా వదలలేను. "ఒక్క సైకిల్ వేసుకో, నెలలో 100 కొడతావు" అని ఎవరైనా అంటే, అన్నవాడు ట్రైనర్ అయినా సరే, ఆ మాట అక్కడే వదిలేయ్. ఈ వయసులో ఒంట్లో టెస్టోస్టెరాన్ సహజంగానే బాగా ఉంటుంది. బయటి నుంచి ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా తయారుచేసుకోవడం ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి, ఎదుగుదల పూర్తికాని పిల్లల్లో ఎముకల చివర్లలో పెరిగే భాగాలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోవచ్చు. బరువులెత్తితే పొట్టిగా అయిపోతారని ఇంట్లో భయపడుతుంటారు, సరైన ఫామ్‌తో చేస్తే అలా జరగదు, భయపడాల్సింది ఈ మందులకి.

చెస్ట్ డే ఎవరికి మేలో కూడా చెప్పాలి. రెండు మూడేళ్లు గట్టిగా చేసి, బెంచ్‌లో ఒంటి బరువుకి బాగా మించి ఎత్తుతూ, సైజు మీద దృష్టి ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. వాళ్లు ఒక్క రోజులో పెట్టే భారం ఎంత ఎక్కువంటే కోలుకోవడానికి నిజంగానే రోజులు పడతాయి. అలాంటివాళ్లలో కూడా చాలామంది బలం కోసమైతే రెండో బెంచ్ రోజు పెట్టుకుంటారు. కొత్తవాడికి ఫ్లై, ఇంక్లైన్ మీద మోజుంటే శుక్రవారం బెంచ్ అయ్యాక రెండు మూడు సెట్లు వేసుకోనీ, నష్టం లేదు.

ఒంటరిగా చేసేటప్పుడు రాడ్ చివర్ల కాలర్లు (ప్లేట్లు జారకుండా పెట్టే క్లిప్పులు) బిగించకు, ఇరుక్కుంటే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేయొచ్చు. ర్యాక్‌లో (రాడ్ ఆన్చే స్టాండ్‌లో) సేఫ్టీ పిన్నులు, అంటే జారిన రాడ్‌ని ఆపే కడ్డీలు, ఉంటే ఛాతీకి కాస్త కింద ఎత్తులో పెట్టుకో, అప్పుడు కాలర్లు బిగించినా పర్వాలేదు. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పి పట్టుకో, తిప్పకుండా పట్టుకున్న రాడ్ జారితే పడేది మెడ మీదో ఛాతీ మీదో. భుజం ముందు భాగంలో గుచ్చినట్టు నొప్పి వస్తుంటే బుధవారం బెంచ్ తీసేసి రోయింగ్ మాత్రమే చెయ్, పట్టు కొంచెం దగ్గరికి తీసుకో, రెండు వారాలకీ తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించు.

మొదటి రోజు ఎంత పెట్టాలంటే, శుభ్రంగా 8 సార్లు ఎత్తగలిగే బరువు చూసుకుని దాంతో 5 రెప్స్ మాత్రమే చెయ్. చాలా తేలిగ్గా ఉంది, దీనికోసమా వచ్చింది అనిపిస్తుంది. అలాగే ఉండనీ, శుక్రవారం 2.5 కిలోలు వెయ్, తర్వాతి సోమవారం ఇంకో 2.5.