యాస్మిన్ లెవీ 'సెంతీర్': పన్నెండేళ్లుగా వింటున్నాను

మొదట్లో ఈ ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చిన పాటల్ని ఇప్పుడు దాటేస్తున్నాను. అప్పట్లో దాటేసిన ఒక్క పాట కోసమే ఎక్కువసార్లు పెట్టుకుంటున్నాను. ఎందుకో చెప్పాలనిపించింది.

గాయని యాస్మిన్ 1975లో జెరూసలేంలో పుట్టారు. ఎక్కువగా పాడేది లాడినోలో. 1492లో స్పెయిన్ రాజదంపతులు యూదుల్ని దేశం నుంచి వెళ్లగొట్టినప్పుడు వాళ్లతో పాటు వెళ్లిన పాత స్పానిష్ అది. టర్కీ, గ్రీస్, బాల్కన్ ఊళ్లలో వందల ఏళ్లు వాళ్ల ఇళ్లలో బతికింది. నేటి స్పెయిన్‌లో కూతుర్ని 'ఇహ' అంటారు. లాడినోలో 'ఇజ'. ఆ 'జ' మనం 'మెజర్' అన్నప్పటిలా మెత్తగా పలుకుతుంది.

ఆమె తండ్రి యిత్జాక్ లెవీ టర్కీలోని మనీసాలో పుట్టారు. పెద్దవాళ్ల నోట ఉన్న పాటలు విని, స్వరాలతో రాసి, 4 సంపుటాలుగా అచ్చువేశారు. ప్రార్థనా గీతాలవి మరో 10 సంపుటాలు. 1977లో ఆయన పోయేనాటికి యాస్మిన్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. ఈ పాటలు ఆమెకు అమ్మ గొంతులోంచే వచ్చాయి.

'సెంతీర్' 2009లో వచ్చింది. నిర్మాత స్పెయిన్‌ ఫ్లమెంకో సంగీతకారుడు హవియెర్ లిమోన్ కాబట్టి ఫ్లమెంకో (దక్షిణ స్పెయిన్ సంప్రదాయ సంగీతం) గాలి గట్టిగానే ఉంటుంది. ఆమె గొంతెత్తి పాడే చోట్లు మొదట్లో నన్ను కట్టిపడేశాయి. ఇప్పుడు వరసగా నాలుగు పాటలు వింటే అలసట వస్తోంది. ప్రతి పాటా ఏడుపు అంచుదాకా వెళ్తుంది. లాడినోలో ఫ్లమెంకో కలపడమే తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ దుఃఖాన్ని కాస్త దాచిపెడితే బాగుండేది.

దాచిపెట్టిన పాట ఒకటి ఉంది: 'ఉనా పాస్తోరా'. తండ్రి పాత రికార్డింగ్‌తో కలిసి కూతురు పాడింది. ఒక గొర్రెల కాపరి పిల్లను చిన్ననాటి నుంచీ ప్రేమించిన మనిషి పాట. అమ్మాయి అనే అర్థంలో 'ఇజ' ఇందులో మొదటి వరసలోనే వస్తుంది. ఆయన అలంకారాలేమీ లేకుండా నిదానంగా పాడతారు. రికార్డింగ్ ఆమె కోసం ఆగదు కదా, ఆమే ఆయన నడకకు తగ్గాలి. మిగతా పాటల్లో తన ఇష్టం వచ్చినంత సేపు సాగదీసే ఆమె ఇక్కడ గమకం చుట్టబోయి ఆగినట్టు, పక్కన పెద్దాయన ఉన్నారని ఒదిగినట్టు వినిపిస్తుంది. అంత అందంగా ఆమె మరెక్కడా పాడలేదని నా నమ్మకం. మొదట్లో నాకిది చప్పగా అనిపించింది!

ఫోన్ స్పీకర్లో వినకండి, ఇద్దరి గొంతుల తేడా పోతుంది. మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. కొత్తగా వినేవాళ్లు ఈ పాటతో మొదలుపెట్టి, తర్వాత 2005 నాటి 'లా జుదెరియా'కి వెళ్లండి. అందులో ఊద్ అనే తీగ వాద్యం, నెయ్ వేణువు ఇంకా ఎక్కువ వినిపిస్తాయి. 'సెంతీర్' మొత్తం ఒకే బిగిన మాత్రం వద్దు, రోజుకు రెండు పాటలు చాలు.